రోల్డుగోల్డు బిరుదు

బందరులో పుట్టినవాడికి రోల్డుగోల్డు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. చిలకలపూడిలో రాగిమీద పల్చని బంగారు రేకు ఎక్కించి గాజులేమి, గొలుసులేమి, వంకీలేమి, పెళ్ళికూతురికి కావలసినవన్నీ చేస్తారు. ఇందులో మోసమేమీ లేదు. అమ్మేవాడు రోల్డుగోల్డని చెప్పే అమ్ముతాడు. కొనేవాడు రోల్డుగోల్డని తెలిసే కొంటాడు. మోసపోయేవారంటూ ఉంటే, పెళ్ళిపందిట్లో పక్కన కూచున్నావిడ ఒక్కతే. ఆవిడ కూడా "ఎన్ని కాసులు పట్టిందమ్మా?" అని అడిగేటప్పుడు సగం తెలిసే అడుగుతుంది.

ఈ ముక్క కుస్తీలకు కూడా వర్తిస్తుందని నేను తెలుసుకోవటానికి చాలా కాలం పట్టింది.

మొన్న వేసవి సెలవులకు మా మనవడు వచ్చాడు. పదేళ్ళవాడు. పొద్దస్తమానం టీవీ ముందు కూచుని అమెరికావాళ్ళ కుస్తీలు చూడటమే వాడి పని. గెలిచినవాడు పళ్ళెమంత బిళ్ళ ఉన్న బెల్టు నెత్తిమీదికి ఎత్తితే వీడు సోఫామీద నుంచుని దిండు ఎత్తుతాడు. మావాడు చూసి చూసి, "అదంతా నాటకంరా! ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు" అన్నాడు. మనవడి మొహం వాడిపోయింది. నావంక తిరిగి, "నిజమేనా తాతా? ఆ బెల్టు నిజంది కాదా?" అని అడిగాడు.

నిజమైనదేనంటే ఒక అబద్ధం. కాదంటే ఇంకొక అబద్ధం. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అందుకు కారణం మా చిన్నమామయ్య.

మా అమ్మమ్మగారి ఊరు దివిసీమలో, అవనిగడ్డ దాటి సముద్రం వైపుగా వెళితే వస్తుంది. మామయ్య చిన్నతనంలో అక్కడి గరిడీలో కర్రసాము నేర్చాడు. హైస్కూలు చదువుకని బందరులో మా ఇంటికి వచ్చాడు. చదువు ఫోర్తుఫారంలో ఆగిపోయింది గాని, మనిషి ఎదగటం ఆగలేదు. మా నాన్న చూసి చూసి ఒక ధాన్యం కొట్లో గుమాస్తాగా పెట్టించాడు. పగలు లెక్కలు, తెల్లవారుజామున గోదా. ఇదీ ఆయన దినచర్య.

గోదా అంటే ఏమనుకుంటున్నారు? తవ్వి మెత్తన చేసిన ఎర్రమట్టి. అందులో నూనే పసుపూ కలిపి, ఆంజనేయస్వామి పటానికి దణ్ణం పెట్టి దిగేవారు. వందల కొద్దీ దండీలు, బస్కీలు. ఆ తరువాత పట్లు. నన్ను వెంట తీసుకువెళ్ళి గట్టుమీద కూచోబెట్టేవాడు. ఒళ్ళంతా నూనెతో మెరుస్తున్న మామయ్యను చూస్తే నాకు గుళ్ళో గాలిగోపురం మీది బొమ్మ జ్ఞాపకం వచ్చేది.

"కృష్ణదేవరాయలు కూడా ఇంతేరా" అనేవాడు ఆయన. ఆ మాట గాలికి అన్నది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసిపెట్టాడు: రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించుకొని, బరువులెత్తి, కత్తిసాము చేసి, తన మల్లుల్లో ఒకరితో కుస్తీపట్టేవాడట. ఆ రాయలే కళింగ దండయాత్ర దారిలో మా దివికి ఎగువన కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళంలో ఆగి, ఆంధ్రమహావిష్ణువు కలలో చెప్పగా ఆముక్తమాల్యదకు పూనుకున్నాడు. "చూశావా, కుస్తీపట్టిన చెయ్యి పద్యం కూడా రాస్తుంది" అనేవాడు మామయ్య. ఫోర్తుఫారంలో తప్పిన తెలుగు పరీక్షకు అది ఆయన సమాధానం.

మామయ్యకు ఇద్దరు దేవుళ్ళు. ఒకరు కోడి రామమూర్తినాయుడుగారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, సర్కసు పెట్టి, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులు ఊపిరి బిగబట్టి తెంచి, గుండెలమీద ఏనుగును నిలబెట్టుకున్న మహానుభావుడు. ఆయన్ని జనం కలియుగ భీముడన్నారు, దొరలు ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. 1942లో పోయారు. మామయ్య ఆయన్ని కళ్ళతో చూడలేదు. చూసినవాళ్ళను చూశానని చెప్పుకొని సంతోషించేవాడు.

రెండోవారు గామా పహిల్వాన్. గామా కథ మామయ్య చెబుతుంటే హరికథ వినక్కరలేదు. 1910లో గామా లండను వెళ్ళాడు. అక్కడి పోటీలో ప్రపంచ వీరుడికి జాన్‌బుల్ బెల్టు ఇస్తారు. మనవాడు పొట్టిగా ఉన్నాడని దొరలు ముందు చేర్చుకోలేదు. "అర్ధగంటలో ఎవరైనా ముగ్గుర్ని పడగొడతాను, రండి" అని గామా సవాలు చేశాడు. చివరికి సెప్టెంబరు 10న పోలెండు వస్తాదు జ్బిస్కోతో పోటీ. అవతలివాడు పర్వతం. అయినా క్షణాల్లో కిందపడ్డాడు. పడి, ఇక లేవలేదు! బోర్లా పడుకొని, చాపకు అతుక్కుపోయి, రెండున్నర గంటలు అలాగే ఉండిపోయాడు. వెల్లకిలా తిప్పితేగాని చిత్తయినట్టు కాదు. వారం తరువాత మళ్ళీ పోటీ అన్నారు. 17వ తేదీన గామా వచ్చాడు, జ్బిస్కో రాలేదు. బెల్టు గామా నడుముకు కట్టారు.

"గెలుపంటే అదిరా! ఎదటివాడు రాకుండా ఉండటం!" అని మామయ్య జబ్బ చరిచేవాడు. తరువాత 1928లో పాటియాలాలో ఆ ఇద్దరికీ మళ్ళీ పోటీ జరిగితే నిమిషం గడవకుండానే గామా అతన్ని చిత్తు చేశాడు. గామాకు అప్పటికే రుస్తుమె హింద్ బిరుదు ఉంది. రుస్తుం అంటే పారశీకుల భీముడు.

ఇలాటి మామయ్య పేరు 1959 వేసవిలో ఒకనాడు కోనేరు సెంటరులో గోడమీద కనిపించింది.

ఆ రోజుల్లో ఫ్రీస్టైల్ కుస్తీ కంపెనీలు ఊరూరా తిరిగేవి. దారాసింగు 1954లో రుస్తుమె హింద్ అయ్యాడు. కింగ్‌కాంగ్ పేరుతో తిరిగే ఎమిల్ చాయాకూ ఆయనకూ జరిగే పోటీలంటే పట్నాల్లో జనం విరగబడేవారు. ఆ గాలి మా జిల్లాకూ సోకింది. ఒక కంపెనీ గుడివాడలో డేరా వేసింది. గోడమీది కాగితంలో ఒక పక్క కోరమీసాలతో "పులి" ఒకరు, రెండో పక్క మా మామయ్య. మధ్యలో పెద్ద అక్షరాలతో ఒక బిరుదు. ఆ బిరుదు ఇక్కడ రాయను. అందులో దివిసీమ ఒకటి, సింహం ఒకటి ఉన్నాయని మాత్రం చెబుతాను. ఆ కింద సన్న అక్షరాల్లో ఆ బిరుదు చరిత్ర: ఇంతకుముందు ముగ్గురు వస్తాదులు ధరించిన బిరుదు, పదేళ్ళుగా దక్షిణాదిన తిరుగులేని బిరుదు, ఇప్పుడు గుడివాడ నడిబొడ్డున పందెంలో.

మామయ్య నన్ను వెంట తీసుకువెళ్ళాడు. మేము ఎక్కిన బొగ్గు రైలు పెడన, కవుతరం, గుడ్లవల్లేరు దాటుతుంటే ప్రతి స్టేషనులోనూ దిగి, "ఈ పెట్టెలో వస్తాదుగారున్నారు" అని చాటాలనిపించింది. మామయ్య మాత్రం కిటికీలోంచి వరి కోసిన పొలాలు చూస్తూ కూచున్నాడు.

ఆ రాత్రి ఆట నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నేల టిక్కెట్టువాళ్ళ ఈలలు, పెట్రోమాక్సు లైట్ల చుట్టూ పురుగులు, తాళ్ళ మధ్య ఇద్దరు మనుషులు. పులి మామయ్య జుట్టు పట్టుకున్నాడు. రిఫరీ చూడకుండా గొంతు నులిమాడు. తాళ్ళమీదికి విసిరాడు. పక్కనున్న పెద్దమనిషి, కండువా వేసుకున్నవాడు, లేచి నుంచుని పులిని అమ్మనాబూతులు తిట్టాడు. నేను ఏడ్చేశాను. చివరికి మామయ్య ఎలా లేచాడో లేచి, పులిని భుజాల మీదికెత్తి, గిరగిరా తిప్పి పడేసి, వీపు చాపకు ఆనించాడు. డేరా ఎగిరిపోయిందనుకున్నాను. బంగారు పతకం ఎర్ర పట్టుదారంతో మామయ్య మెడలో వేశారు.

జనం తగ్గాక నేను డేరా వెనక్కి పరుగెత్తాను. అక్కడ లాంతరు వెలుగులో మామయ్య బోర్లా పడుకొని ఉన్నాడు. ఆయన భుజానికి నూనె రాసి మర్దనా చేస్తున్నది, ఎవరనుకున్నారు? పులి!

"అన్నా, తాళ్ళ మీద పడ్డప్పుడు చెయ్యి అడ్డం పెట్టబోయాను, అందలేదు" అంటున్నాడు పులి కళ్ళనీళ్ళతో. ఉర్దూ కాదు, పంజాబీ కాదు, శుభ్రమైన ఒంగోలు తెలుగు!

నాకు కాళ్ళకింద భూమి కదిలింది. ఆ రాత్రి సత్రం అరుగు మీద పడుకున్నప్పుడు అడిగాను.

"ముందే అనుకున్నారా మామయ్యా?"

చాలాసేపు పలకలేదు. తరువాత అన్నాడు. "అనుకున్నామురా. పోయిన మంగళవారమే."

"మరి ఆ ముగ్గురు? నీకంటే ముందు బిరుదు వేసుకున్నవాళ్ళు?"

"ప్రెస్సులో కాగితం కింద జాగా మిగిలింది. కంపోజిటరు ముగ్గురు పేర్లు వేశాడు." నవ్వాడు. నవ్వితే భుజం నొప్పి పుట్టి మూలిగాడు. "ఒరే, నేను గెలవాలన్నది అనుకున్నదే. భుజం జారటం అనుకున్నది కాదు. వాడు నన్ను ఎత్తినప్పుడు నా ప్రాణం వాడి చేతిలో ఉంది. నేను ఎత్తినప్పుడు వాడి ప్రాణం నా చేతిలో ఉంది. అది మాత్రం నిజం."

"మరి బిరుదో?"

"బిరుదంటే ప్రకాశం పంతులుగారిదిరా. సైమన్ కమిషనప్పుడు మద్రాసులో తుపాకికి రొమ్ము చూపించారు. ఆంధ్రకేసరి అని ఏ కంపెనీ పోస్టరు వేసింది? జనం పిలిచారు, అంతే. మాది పోస్టరు బిరుదు. పడుకో. ఇంట్లో చెప్పకు."

నేను చెప్పలేదు. కానీ చాలా రోజులు మామయ్యతో సరిగా మాట్లాడలేదు. పదేళ్ళవాడి కోపం అది.

పెద్దయ్యాక ఈ బిరుదుల చరిత్ర పుస్తకాల్లో చదివినప్పుడు మా మామయ్య కంపోజిటరు ఒంటరివాడు కాడని తెలిసింది. 1905లో న్యూయార్కులో హెకెన్‌ష్మిట్ అనే మహావస్తాదు ప్రపంచ వీరుడు అనిపించుకున్నప్పుడూ, 1908లో షికాగోలో అతన్ని ఫ్రాంక్ గాచ్ ఓడించినప్పుడూ టిక్కెట్లు కొన్న జనానికి అది ప్రాణంమీది పోటీ. తరువాత పదిహేనిరవై ఏళ్ళలో గంటలకొద్దీ నేలమీద పెనుగులాడే కుస్తీ జనానికి విసుగు పుట్టించింది. రెండున్నర గంటలు బోర్లా పడుకున్నవాణ్ణి డబ్బిచ్చి ఎవరు చూస్తారు చెప్పండి? కంపెనీలు ఆట వేగం పెంచాయి, ఎగరటాలూ విసరటాలూ పెట్టాయి, ఫలితం ముందే ఖాయం చేశాయి. ఏకంగా జరగని పోటీలను కూడా సృష్టించాయి. 1979లో అమెరికా కంపెనీ ఒకటి ఇంటర్‌కాంటినెంటల్ బిరుదు పెట్టి, పాట్ పాటర్సన్ దాన్ని రియో డి జనీరోలో పోటీ చేసి గెలిచాడని ప్రకటించింది. రియోలో ఆ పోటీ జరగనేలేదు! ఆ బిరుదు కోసం ఈనాటికీ కొట్టుకుంటూనే ఉన్నారు.

అన్నిటికన్నా విచిత్రం మన జ్బిస్కో కథ. గామా ముందు చాపకు అతుక్కుపోయాడే, ఆయనే. 1925 నాటికి నలభై దాటాయి. ఏప్రిల్ 15న ఫిలడెల్ఫియాలో వేన్ మన్ అనే చాంపియనుకు ఓడిపోవటానికి ఒప్పుకొని రింగులోకి దిగాడు. మన్ ఫుట్‌బాలు ఆటగాడు, కుస్తీ అంతంతమాత్రం. దిగిన తరువాత ముసలి సింహం మాట తప్పింది. నిజంగా కుస్తీ పట్టి, వాణ్ణి మళ్ళీ మళ్ళీ చిత్తుచేసి ప్రపంచ బిరుదు పట్టుకుపోయింది. పాపం, ఆ మన్ రోల్డుగోల్డు. గీటురాయి మీద పడితే నిలవలేదు.

అది చదివినప్పుడు మొదటిసారిగా మామయ్య మీద కోపం పోయి, ఒక ప్రశ్న పుట్టింది. మామయ్యను గీటురాయి మీద గీస్తే?

ఇంతలో చెప్పవలసినవి చాలా ఉన్నాయి.

మామయ్య రెండేళ్ళు ఆ కంపెనీతో తిరిగాడు. తాతయ్య పోవటంతో ఊరు చేరి వ్యవసాయం చూసుకొని, పెళ్ళి చేసుకున్నాడు. జారిన భుజం వాన వస్తే సలిపేది. పతకం అమ్మమ్మ భోషాణంలోకి చేరింది. ప్రతి దసరాకూ ఆయుధపూజనాడు కొడవళ్ళతోపాటు దాన్నీ పీటమీద పెట్టి పసుపూ కుంకుమా పెట్టేది. "నాలుగు కాసుల బంగారం, మా వాడు గెలుచుకున్నది" అని వచ్చినవారికల్లా చూపించేది. మామయ్య ఆ సమయానికి ఎద్దుల దగ్గర ఏదో పని కల్పించుకునేవాడు.

1963లో నర్తనశాల వచ్చింది. భీముడి వేషం వేసింది దండమూడి రాజగోపాలరావుగారు. ఉయ్యూరు దగ్గర గండిగుంట ఆయనది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో బరువులెత్తి పతకం తెచ్చిన మనిషి. మన జిల్లా మనిషి భీముడైతే చూడకుండా ఉంటామా? మామయ్య బందరు వచ్చి మమ్మల్నందర్నీ తీసుకువెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు నా చెవిలో అన్నాడు. "విరాటుడి కొలువులో భీముడు ఏం చేశాడు? వలలుడని మారుపేరు పెట్టుకొని, వంటవాడి వేషం వేసుకొని, రాజుగారి వినోదం కోసం కుస్తీ పట్టాడు. పేరు అబద్ధం, వేషం అబద్ధం. బలమో?" నేను నవ్వాను. నాలుగేళ్ళ తరువాత ఇద్దరం కలిసి నవ్వటం అదే.

1966లో మా అక్క పెళ్ళి కుదిరింది. కట్నంలో మూడు వందలు తక్కువ పడ్డాయి. మా నాన్న తలపట్టుకొని కూచున్నాడు. సంగతి తెలిసి అమ్మమ్మ నన్ను పిలిపించి, భోషాణం తెరిచి పతకం నా చేతిలో పెట్టింది.

"మేనమామ బంగారం మేనకోడలి పెళ్ళికి కాకపోతే ఎందుకురా? బందరు తీసుకుపో."

మామయ్య వసారాలో పలుపు పేనుతున్నాడు. తల ఎత్తి అమ్మమ్మను చూశాడు. ఏదో అనబోయి, మళ్ళీ తల దించుకున్నాడు.

బందరులో మాకు తెలిసిన ఆచారిగారు కళ్ళజోడు సవరించుకొని పతకాన్ని అటూ ఇటూ తిప్పారు. గీటురాయి మీద గీశారు. అనుమానం వచ్చి అంచున ఆకురాయితో ఒక్క రుద్దు రుద్దారు. ఎర్రగా రాగి పైకి తేలింది.

"గోల్డు కంట్రోలు వచ్చిన దగ్గర్నుంచీ పధ్నాలుగు కారట్లు దాటిన సరుకు ముట్టుకోవటానికి లేదు బాబూ. ఇది అసలే కారట్టూ కాదు. ఎక్కడ కొన్నారు?"

"కొనలేదండీ. మా మామయ్య గెలుచుకున్నాడు."

ఆయన నావంక చూసి, పతకాన్ని జాగ్రత్తగా రుమాల్లో కట్టి ఇచ్చేశారు. "పనితనం మాత్రం మన చిలకలపూడిదే. బాగా చేశారు" అన్నారు. నన్ను ఓదార్చటానికే అని ఉంటారు.

ఆ బస్సు ప్రయాణం నేను మరిచిపోలేను. పులిగడ్డ అక్విడక్టు మీద బస్సు పోతుంటే రుమాలు కిటికీలోంచి కృష్ణలోకి విసిరేద్దామనిపించింది. దారిలో ఎవరో కొట్టేశారంటే సరి. మామయ్య పరువు దక్కుతుంది, అమ్మమ్మకు తెలియదు. చెయ్యి రాలేదు.

మామయ్య కాలవగట్టు మీద నాకోసం ఎదురు చూస్తున్నాడు. నేను నోరు విప్పకముందే, "రాగేనా?" అన్నాడు.

"నీకు ముందే తెలుసా?"

"ఆ రాత్రే కంపెనీ ఆయన చెప్పాడు. దాచలేదు పాపం. మొదట సిగ్గేసి చెప్పలేదు. తరువాత దసరాకి అమ్మ దానికి బొట్టు పెట్టింది. ఇక నోరు పెగల్లేదురా." కాసేపాగి, "పతకం నా చేతికియ్యి. డబ్బు సంగతి నేను చూస్తాను. అమ్మకు తాకట్టు పెట్టామని చెప్పు" అన్నాడు.

మర్నాడు సంతలో పాడిగేదెను అమ్మేశాడు. అక్క పెళ్ళి జరిగింది. నెలతిరక్కుండా "విడిపించాను" అని పతకం అమ్మమ్మకు ఇచ్చాడు. ఆవిడ కళ్ళకద్దుకొని భోషాణంలో పెట్టింది. ఆ దసరాకు మళ్ళీ పూజ జరిగింది.

1971లో అమ్మమ్మ మంచాన పడ్డప్పుడు ఒక మధ్యాహ్నం నేను పక్కన కూచుని విసురుతున్నాను. ఉన్నట్టుండి, "గేదెను ఎంతకిచ్చాడ్రా మీ మామయ్య?" అని అడిగింది. నేను తెల్లబోయాను. "గేదె పోయిన నెలలోనే పతకం తిరిగొస్తే నాకు తెలియదనుకున్నారా? పోన్లే, వాడికి చెప్పకు. బాధపడతాడు."

పెళ్ళిపందిట్లో పక్కన కూచున్నావిడ కూడా సగం తెలిసే అడుగుతుందని ముందే మనవి చేశాను కదా.

ఇక 1977 నవంబరు 19. ఆ శనివారం సంగతి దివిసీమవాళ్ళు ఎవరూ తారీఖు చూసుకొని చెప్పరు. చెట్లు చూపించి చెబుతారు. సముద్రం తాటిచెట్టు నడుము ఎత్తున లేచి ఊళ్ళమీదికి వచ్చింది. సర్కారు లెక్కల ప్రకారమే దాదాపు పదివేలమంది పోయారు. అసలు లెక్క అంతకంటే ఎక్కువంటారు. అత్తయ్యా పిల్లలూ దీపావళికి బందరు వచ్చి, మా అమ్మకు ఒంట్లో బాగుండక పోవటం వల్ల మా ఇంట్లోనే ఉండిపోయారు. మామయ్య ఒక్కడే ఊళ్ళో ఉన్నాడు. నేను అప్పటికి బెజవాడలో ఉద్యోగంలో ఉన్నాను. దారులు తెగిపోయి, నడిచి, పడవ ఎక్కి, మళ్ళీ నడిచి అక్కడికి చేరేసరికి నాలుగు రోజులు పట్టింది. దారిలో చూసినవి రాయను. చూసినవారికి అక్కరలేదు, చూడనివారికి వద్దు.

మామయ్య అవనిగడ్డలో సహాయ శిబిరంలో కనిపించాడు. రెండు చేతులకూ మోచేతుల దగ్గర్నుంచి అరచేతుల దాకా కట్లు. రొమ్మంతా చెక్కుకుపోయి ఉంది. పక్కన ఏడెనిమిదేళ్ళ కుర్రవాడు ఆయన పంచె అంచు పట్టుకొని కూచున్నాడు. పక్కింటివాళ్ళ పిల్లవాడు. వాళ్ళింట్లో వాడొక్కడే మిగిలాడు.

నీళ్ళు వచ్చినప్పుడు మామయ్య వాణ్ణి పంచెతో వీపుకు కట్టుకొని తాటిచెట్టు పట్టుకున్నాడు. కాళ్ళు కత్తెర వేసి, చేతులు మెలివేసి, కుస్తీ పట్టు పట్టాడు. చీకటి పడింది. అలలు, కొట్టుకువచ్చే దూలాలు, పశువులు. జారిన భుజం ఆ రాత్రి ఎన్నిసార్లు జారిందో ఆయనకే తెలియదు. తెల్లవారేవరకు వదల్లేదు.

"ఎలా పట్టుకున్నావు మామయ్యా అంతసేపు?" అన్నాను.

"డేరాలో అయితే ఎప్పుడు వదలాలో ముందే చెబుతారురా" అన్నాడు మెల్లిగా. "అక్కడ ఎవరూ చెప్పలేదు. అందుకని వదల్లేదు."

ఇల్లు లేదు. భోషాణం లేదు. "పతకం కూడా పోయింది" అన్నాను, ఏమనాలో తెలియక.

"పోనీ. సముద్రుడు గీటురాయి మీద గీసి చూసుకుంటాడు" అని నవ్వబోయాడు.

ఆ సాయంత్రం శిబిరంలో పేర్లు రాసుకునే గుమాస్తా వచ్చాడు. కుర్రవాణ్ణి, "నిన్నెవరు కాపాడారు బాబూ?" అని అడిగాడు. వాడు మామయ్యను చూపించి, పేరు చెప్పలేదు. వాడికి ఆయన పేరు తెలియదు. ఊళ్ళో పెద్దలు హాస్యానికో, అభిమానానికో ఇన్నేళ్ళుగా ఆయన్ని ఏమని పిలుస్తున్నారో అదే చెప్పాడు. గుడివాడ పోస్టరు మీది బిరుదు. దివిసీమ ఒకటి, సింహం ఒకటి. గుమాస్తా తల ఎత్తకుండా అలాగే రాసుకున్నాడు. మామయ్య వారించబోయి, కట్లు ఉన్న చెయ్యి లేవక ఊరుకున్నాడు.

ప్రెస్సులో నాలుగు రోజుల ముందు పుట్టిన బిరుదు ఆ విధంగా సర్కారు కాగితంలోకి ఎక్కింది. దానికంటే ముందు ఎవరూ ధరించనిది. తరువాత ఎవరూ అడగనిది.

మామయ్య ఇంకా పంతొమ్మిదేళ్ళు బతికాడు. ఆయన పోయిన రోజున పాడె మోసినవారిలో ఆ కుర్రవాడు ఒకడు. అప్పటికి వాడే ఇద్దరు పిల్లల తండ్రి. "దివిసీమ" దాకా అని, తరువాతి మాట గొంతులో ఆగిపోయి ఏడ్చాడు.

ఇదంతా మా మనవడికి చెప్పాను. వాడు టీవీ కట్టేసి విన్నాడు. చివరికి, "అయితే తాతా, ఆ పతకం నిజందా కాదా?" అన్నాడు.

"రాగిరా" అన్నాను.

"మరి బిరుదు?"

"అది పిలిచినవాణ్ణి అడగాలి. అవనిగడ్డలోనే ఉన్నాడు. ఆదివారం వెళ్దామా?"

వెళ్ళాలని నిశ్చయించుకున్నాం. దారిలో చిలకలపూడి కూడా చూపించమన్నాడు.